ఫ్యాను కింది అమెరికా కుర్చీ

మా పేరయ్య ఒంగోలు దాటి ఎరగడు. అయితేనేం, ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే అమెరికా ఆయనే!

నా టీ కొట్టులో అదొక ఆచారం. మిరప కల్లాలకు వెళ్ళే ముందు రైతులు పేపరు ముందేసుకుని తలా ఒక దేశం పంచుకుని, ఆ దేశం తరఫున వాదించుకుంటారు. ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క కుర్చీ అమెరికాది, అంటే పేరయ్యది. ఎదురు బల్ల మీద సుభానీ, ఇరాక్. ఇద్దరూ ప్రాణ స్నేహితులే గానీ, కొట్టులో మాత్రం ఉప్పూ నిప్పూ.

"ఇరాక్ నుంచి నా సైన్యం కదిలేది లేదు! ఇంకో నాలుగు బాంబులు పడితే దెబ్బకి దారికొస్తారు!" అని పేరయ్య బల్ల గుద్దితే నా గ్లాసులు ఎగిరిపడేవి. ఎన్ని పగిలాయో నాకే తెలుసు, పాడు రాజకీయాలు!

పోయినేడు సుభానీ కూతురు నగ్మా నర్సుగా నిజంగానే ఇరాక్ వెళ్ళింది. అయినా వీళ్ళు ఆట మానలేదు. ఒక పొద్దున పేపర్లో పడింది: నగ్మా ఉండే ఊళ్ళో అమెరికా స్థావరం మీద రాకెట్లు పడ్డాయట, అమెరికా ఊరుకోదట. నగ్మాకు ఫోను కలవడం లేదు. సుభానీ టీ చల్లారిపోయింది.

అలవాటు చావదు కదా, ఎవరో అడగనే అడిగారు: "అమెరికా ఏమంటుంది పేరయ్యా?"

పేరయ్య దిగ్గున లేచాడు.

"ఆపమంటుందిరా! ఒక్క బాంబు పడకూడదు! నా సైన్యం ఇవాళే వెనక్కొచ్చేస్తుంది. అది అక్కడుండబట్టేగా ఆ రాకెట్లు! ఆ ఊళ్ళో మన పిల్ల ఉందిరా!"

"ఏరా పేరయ్యా, ఇన్నాళ్ళూ ఆ ఊళ్ళో పిల్లలు లేరా?" అన్నాడు సుభానీ. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో సుభానీ ఫోను మోగింది. నగ్మా! కొట్టంతా ఆయన మీద పడింది.

"నాన్నా, బాగానే ఉన్నా! కరెంటు పోయింది, అంతే!"

ఈలలు, కేకలు! నేను పొయ్యి వదిలేసి చప్పట్లు కొట్టాను. పాలు పొంగిపోతే పోనీ! పేరయ్య ఫోను లాక్కున్నాడు.

"అమ్మాయ్, బట్టలు సర్దుకుని వచ్చెయ్!"

"ఎట్టా వస్తాను బాబాయ్? వార్డు నిండా ఈ ఊరి పిల్లలే. వాళ్ళెక్కడికి పోతారు?"

మర్నాడు పేరయ్య వచ్చి సుభానీ పక్కన బల్ల మీద కూర్చుని నాతో అన్నాడు:

"ఆ కుర్చీ నగ్మాది వెంకటరావమ్మా. ఏం చెయ్యాలో ఆ పిల్ల వచ్చి చెబుతుంది, అమెరికా నోరు మూసుకుని వింటుంది."

ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చోబోయినా గరిటె ఎత్తేది నేనే.