మొహం రావాలె

మేడం పోయారని సోమవారం పొద్దున తార్నాక నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. నిద్రలోనే పోయారట. మధ్యాహ్నానికల్లా క్యాంపస్ వాట్సాప్ గ్రూపుల్లో సంతాప సభ పోస్టర్ తిరిగింది. అందులో మేడం ఫొటో చిన్నది, ముఖ్య వక్త ఫొటో పెద్దది. ఆ వక్త ఎవరో చూశాక నా ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది.

ఆయన సంగతి తర్వాత. ముందు మేడం గురించి చెప్పాలి. యూనివర్సిటీలో మాకు ఫొటోగ్రఫీ నేర్పిన మనిషి. గోల్నాకలో పుట్టి, స్కాలర్‌షిప్ మీద ఫిలిప్పీన్స్‌కు చదువుకోవడానికి వెళ్ళారు. అప్పుడక్కడ నియంత పాలన. నోరెత్తినవాళ్ళు మాయమైపోయే రోజులు. ఈమె పుస్తకాలు మూసేసి మనీలా వీధుల్లో కెమెరా పట్టుకుని తిరిగారు.

అక్కడి చిత్రకారులు ఊరేగింపుల కోసం నియంత దిష్టిబొమ్మ కట్టేవారట, మేడ ఎత్తున, కాగితంతో, వెదురుతో. ముక్కు సరిగ్గా రాలేదని మూడోసారి పీకి అతికిస్తుంటే మేడం ఉండబట్టలేక, తగలబెట్టే బొమ్మకు ఇంత తిప్పలెందుకని అడిగారట. వాడే అని తెలియకపోతే కాల్చి ఏం లాభమని వాళ్ళు నవ్వారట. ఈ ముచ్చట మాకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ తన ముక్కు తానే పట్టుకుని చూపించేవారు.

తిరిగొచ్చి ఇక్కడ పాఠాలు చెప్పే రోజుల్లో, తార్నాక ఇంట్లో స్నానాల గదే ఆమె ఫొటోలు కడిగే డార్క్‌రూమ్. ఎర్ర బల్బు కింద నిలబెట్టి ప్రింట్ వేయడం నేర్పారు. ఊరేగింపులో నడిచేవాళ్ళ మొహాల మీద వెలుతురు ఎక్కువసేపు పడనిచ్చేవారు. అవి కాగితం మీద నల్లబడిపోయి, ఫొటో పోలీసుల చేతికి చిక్కినా ఎవరో తెలిసేది కాదు. లాఠీ ఎత్తినవాడి దగ్గర మాత్రం వెలుతురుకు వేళ్ళు అడ్డం పెట్టి, మీసంతో సహా తేటగా ఉంచేవారు.

"దెబ్బలు తిన్నోళ్ళను అందరు తీస్తరు బిడ్డా," అనేవారు. "కొట్టినోని మొహం రావాలె."

బాగుందనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఫొటో నచ్చితే ఇంకో ఇరానీ చాయ్ చెప్పేవారు, అంతే. ఆ రెండో చాయ్ కోసం మేం చచ్చిపోయేవాళ్ళం.

ఆమె రిటైరయ్యాక మేం కొందరం కలిసి ఆ మనీలా ఫొటోలను మా విభాగం వరండాలో ప్రదర్శనకు పెట్టాం. పక్కనే మా హాస్టల్ ధర్నా మీద పడిన లాఠీల ఫొటోలు కూడా. సరే పెట్టుకోండి అన్నది అప్పటి విభాగాధిపతే, ఇప్పుడు పోస్టర్ మీదున్న ఆ ముఖ్య వక్తే. పైనుంచి ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, సాయంత్రానికి ఆయనే వచ్చి, పర్మిషన్ ఎవరిచ్చారని అరిచి, తన చేతులతో ఫొటోలు పీకి నేల మీద పడేశాడు. వాటిని తొక్కుకుంటూ తిరిగాడు. ఎక్కడి దేశం గొడవలో తెచ్చి పిల్లల్ని చెడగొడుతున్నావని, పెద్దావిడ అని కూడా చూడకుండా మేడంను అందరి ముందూ తిట్టాడు. ఆమె మాత్రం ఏడుస్తున్న నా వైపు తిరిగారు.

"ఏడ్వకు. కెమెరా తియ్యి."

తీశాను. ఆ రాత్రి ఆమే ప్రింట్ వేశారు. చుట్టూ ఉన్న విద్యార్థుల మొహాలు నల్లబరిచి, ఆయన మొహం మాత్రం తేటగా ఉంచారు. దాన్ని నా చేతిలో పెట్టి, దాచు, టైమొస్తది అన్నారు. ఆ తర్వాత ఏ ప్రదర్శనకూ ఆమెను క్యాంపస్‌కు ఎవరూ పిలవలేదు. పిలవనివ్వలేదు. మౌలాలి గుట్ట, బౌద్ధనగర్ గల్లీలు ఫొటోలు తీసుకుంటూ గడిపేశారు.

చనిపోయినవాళ్ళ పేరు మీద పగ పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను, సిగ్గేమీ పడటం లేదు. సభ రోజు పొద్దున్నే వెళ్ళి ఆ ప్రింట్ మేడం చెల్లెలికి చూపించాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"అక్క పక్కనే పెట్టు బిడ్డా," అన్నారు. "ఎవరన్న అడిగితే నేను చెప్తా."

వేదిక మీద మేడం ఫొటో పక్కనే దాన్ని పెద్దది చేయించి పెట్టాం. హాలు నిండింది. విద్యార్థులు ఒకరికొకరు చూపించుకుని గుసగుసలాడుతున్నారు. ఆయన ఆలస్యంగా వచ్చాడు. బంతిపూల దండ పట్టుకుని, మేడం మా కుటుంబంలో మనిషి అని పక్కవాళ్ళతో అంటూ మెట్లెక్కాడు. ఎక్కాక చూశాడు. నేల మీద ఫొటోలు, వాటి మీద తన బూటు, పైన తన మొహం.

ముందు వరుసలోంచి నేను కెమెరా ఎత్తాను. అది చూసి ఆయన చప్పున దండను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పూల వెనక ఊపిరి బరువుగా కదులుతోంది.

నేను నొక్కలేదు. దండ వేయాలంటే దాన్ని మొహం మీంచి తీయక తప్పదు కదా. ఫోకస్ సరిచూసుకుని, అలాగే ఆగాను.