మా చెలకలో గురువారం దీపం

కొల్లాపూర్ దగ్గర మా చెలకలో ఒక రాయి ఉంది. పంటను కాసే అమ్మవారని మా అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి, ప్రతి గురువారం దీపం వెలిగించేది. ఆమె తర్వాత నేను వెలిగిస్తున్నాను. ట్రాక్టర్‌కు అడ్డమని తమ్ముడు దాన్ని పీకిస్తానన్నాడు.

రాయి సంగతి తెలిస్తే ఆగుతాడేమోనని, యాభైలలో తాత చెలక కొన్నప్పటి ఉర్దూ దస్తావేజును ఈ రోజు పక్కింటి ఖాదర్ చాచాతో చదివించాను. హద్దులు చదువుతూ చాచా ఆగిపోయారు.

“బేటీ, చెలక అమ్మిన ముస్లిమాయన తల్లి సమాధి ఆ రాయి కింద ఉన్నదట. దాన్ని కదిలియ్యనని, గురువారం దీపం పెడతనని మీ తాత ఒప్పుకున్నడు.”

“అయ్యో చాచా, నేను ఆమెకు బొట్టు పెడుతున్న గదా!”

“ఇన్నేండ్లు పెట్టించుకున్నది, ఇప్పుడు వద్దంటదా?”

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. “ట్రాక్టర్ జర పక్కకు తిప్పుకుంట అక్కా” అన్నాడు.

ఎందుకో తెలియకుండానే తాత ఇచ్చిన మాటను మేమంతా నిలబెడుతూ వచ్చాం. ఈ రోజు గురువారమే. ఇప్పుడే దీపం పెట్టి వచ్చాను. కుంకుమ భరిణె మాత్రం తెరవకుండా చేతిలోనే ఉండిపోయింది. మీరైతే బొట్టు పెట్టేవారా?