తలుపేసుకుని చదివిన అధ్యాయం

పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్ల కోసం నవలలు రాస్తానంటే మా మల్కాజ్‌గిరి కాలనీలో ఇప్పటికీ చందమామ కథలా అని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ వయసు వాళ్లను మెప్పించడం ఏమన్నా తేలికా? ఒక్క అబద్ధం మాట కనిపించినా పుస్తకం పక్కన పడేస్తారు.

నా మొదటి రెండు నవలలూ ఆదివారం పొద్దుటిపూట తయారయ్యాయి. మా అమ్మాయిని కింద కూర్చోబెట్టుకుని, తలకు నూనె పెడుతూ, పక్కన పరిచిన కాగితాల్లోంచి కొత్త అధ్యాయం చదివేదాన్ని. విసుగొస్తే దాని మెడ వాలిపోయేది. కథలో పడితే చిక్కు ఎంత లాగినా కిక్కురుమనేది కాదు. ఆ మెడను చూసే ఎన్నో పేజీలు కొట్టేశాను.

మొన్న ఇంటర్ పరీక్షలు కాగానే యాప్రాల్‌లో ఏదో పార్లర్‌కు వెళ్లి జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని వచ్చింది. ఇక నూనె వద్దంది. అప్పటి నుంచి నా మూడో నవల కదలలేదు. ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారం అంటున్నాను. ఇంట్లో కాలు నిలవక, కాలేజీ పిల్లల మాటలు వినడానికి లోకల్ ట్రైనెక్కి తిరిగాను. పక్కన నాలాంటి ఆంటీ కూర్చోగానే వాళ్లు నోళ్లు మూసేసేవాళ్లు. ఇక రాయలేనేమోనని నిజంగానే భయం పట్టుకుంది.

చివరికి సిగ్గు విడిచి, ఒక్క అధ్యాయం వినమని అమ్మాయిని బతిమాలాను. తనే చదువుకుంటానని కాగితాలు లాక్కుని, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అందులో నా కథానాయిక, చదువు మానేయాలని ఉందన్న సంగతి వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని చెప్పేస్తుంది. నాకెంతో ఇష్టమైన ఘట్టం. హాల్లోకీ వంటింట్లోకీ తిరుగుతూ, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయాను.

కాసేపటికి బయటికొచ్చి కాగితాలు బల్ల మీద పెట్టింది.

"మంచిగనే ఉంది. గానీ ఇంట్ల గిట్ల ఎవ్వరు చెప్తరమ్మా? అమ్మకైతే అస్సలు చెప్పరు."

మరి ఎవరికి చెప్తారని అడిగాను. అడిగింది తల్లి కాదు, రచయిత్రి. అది బాటిల్లో నీళ్లు నింపుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రమే ఘట్టం మార్చాను. ఇప్పుడా పిల్ల అమ్మకు ఏమీ చెప్పదు. బాగానే ఉన్నానంటుంది, అన్నం తిని లేచిపోతుంది. ఎన్నాళ్లకో కలం ఆగకుండా సాగింది. నవల గట్టెక్కిందని నాకు అర్థమైంది.

భోజనాల దగ్గర మా అమ్మాయిని ఎట్లా ఉన్నావే అని అడిగాను. బాగానే ఉన్నానంది. అన్నం తిని లేచిపోయింది.