నేను మూసిన కిటికీ

మా ఆవిడ రఫూ పని చేస్తుంది. కోటు చిరిగినా, శాలువాను పురుగు కొట్టినా, ఆ గుడ్డ నేత చూసుకుని, అదే రంగు దారంతో పోగు పోగూ కలిపి చిరుగును మాయం చేస్తుంది. బట్ట తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడకో పద్ధతి ఉంది. చిరుగు ఎక్కడుండేదో చూపించదు. "వెతుక్కోండి" అంటుంది. వాళ్లు గుమ్మంలో నిలబడి అటూ ఇటూ తిప్పి, వేళ్లతో తడిమి, చివరికి ఓడిపోయి నవ్వుతారు. ఒకవేళ దొరికితే కుట్లు విప్పి మళ్లీ మొదలుపెడుతుంది. మొన్న మొన్నటి దాకా, ఇరవై ఎనిమిదేళ్లలో అలా విప్పింది రెండే సార్లు. ఆ రెండు రోజులూ వాన పడిందో లేదో కూడా చెప్పగలదు.

నేను తాపీ మేస్త్రిని. నా గోడలో సూది దూరదని పేరు. ఆ మాట ఎక్కువగా నేనే చెప్పుకుంటానని మా ఆవిడ అంటుంది.

ఆవిడ పనిగది ఇంటి వెనక వైపు. చిన్న గది, ఒక కిటికీ, దాని అవతల ఖాళీ స్థలం. దారాలన్నీ రేకు డబ్బాల్లో ఉండేవి. ఒకసారి బూడిద రంగు కోసం డబ్బాలన్నీ బోర్లించి, విసుగొచ్చి, "ఒక్క గోడ నిండా అరలుంటే ఎంత బాగుండును" అంది. అడక్క అడక్క అడిగింది. మేస్త్రినై ఉండి ఆ మాత్రం చేయలేనా? ఆవిడ చెల్లెలింటికి వెళ్లిన వారం రోజుల్లో కిటికీ పీకేసి, ఇటుకలతో మూసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా అరలు కట్టేశాను. వెలుతురుకి రెండు ట్యూబులైట్లు పెట్టించాను. తిరిగొచ్చి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎరుపులన్నీ ఒక అరలో, నీలాలన్నీ ఒక అరలో సర్దుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించింది. నేను పక్కనే నిలబడి మీసం మెలేశాను.

నాలుగు నెలల తర్వాత స్కూలు హెడ్మాస్టరు గారు ముదురు నీలం కోటు తెచ్చారు. మోచేతి దగ్గర చిరుగు. బాగుచేసి ఇచ్చి, "వెతుక్కోండి" అంది. ఆయన కోటు పట్టుకుని ఎండలోకి వెళ్లారో లేదో, "ఇదేనా అమ్మా?" అని వేలు పెట్టేశారు. నీలం మీద నల్ల దారం. కోటు మళ్లీ మా ఇంట్లోనే ఆగిపోయింది.

ఆ పై వారం ఒక శాలువా తిరిగొచ్చింది. తర్వాత మా ఆవిడ కొత్త పని ఒప్పుకోవడం మానేసింది. అడిగితే నడుం నొప్పంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు అలా వంగి ఇల్లు ఊడుస్తారా? నాకు నమ్మకం కుదరలేదు. కానీ గుచ్చి అడగలేదు. ఎందుకంటే నా బూడిద రంగు చొక్కా మోచేతికి ఆవిడ ఆకుపచ్చ దారంతో రఫూ చేసి ఇచ్చింది. అది చూసిన రోజే ఆవిడ కళ్ల మీద నాకు అనుమానం వచ్చింది. అప్పటినుంచి ఆ చెయ్యి ముడుచుకునే తిరుగుతున్నాను.

ఒక మధ్యాహ్నం పనిగదిలోకి తొంగి చూస్తే, కళ్లు గట్టిగా మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఏంటది?" అన్నాను.

"అలవాటు చేసుకుంటున్నాను" అంది, కళ్లు తెరవకుండానే. "మా అమ్మకి యాభై రెండేళ్లకి చూపు పోయింది కదండీ. నాకు యాభై ఒకటి."

మర్నాడు, రానంటే రానని మొండికేసినా, కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. డాక్టరమ్మ దీపం వేసి చూసింది, అక్షరాలు చదివించింది, రంగు బిళ్లలు కిటికీ దగ్గర బల్ల మీద పోసి పేర్చమంది. మా ఆవిడ తడుముకోకుండా చకచకా పేర్చేసింది.

"మీ కళ్లకేమీ కాలేదమ్మా. నా కళ్లకంటే నయం. ఇంతకీ పని ఎక్కడ కూర్చుని చేస్తారు?"

"మా ఆయన స్వయంగా అరలు కట్టిన గదిలో" అంది, అంత భయంలోనూ గర్వంగా.

"దానికి కిటికీ ఏ వైపుంది?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఇంటికెళ్లి నల్ల దారం ఒకటి, నీలం దారం ఒకటి తీశాను. ట్యూబులైటు కింద రెండూ కవల పిల్లలే. పెరట్లోకి తెస్తే ఎవరికి వారే. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. ఇంత కాలం ఆవిడ అనుభవించిన భయం నా చేతులతో నేను కట్టిందేనని ఒళ్లు మండిపోయింది. అయినా ఆవిడ కళ్లు ఆవిడకున్నాయి. ఆ సంతోషంలో గునపం అందుకున్నాను.

"పాపం, అంత కష్టపడి కట్టారు" అంది.

"అరలు పక్క గోడకి కడతాలే. తప్పుకో."

అరలు తీసి, కిటికీ మూసిన గోడ పడగొట్టి పాత సందు తెరవడానికి రెండు రోజులు పట్టింది. నా గోడ గురించి నేను చెప్పుకున్నదంతా నిజమేనని నడుం పట్టేసినప్పుడు తెలిసింది.

ఎప్పటిలా మూడడుగుల ఎత్తు కొలిచి కొత్త కిటికీకి గీత గీయబోతే, ఆవిడ తన పీట మీద కూర్చుని, "ఆకాశం బాగానే కనిపిస్తోంది కానీ, వెలుతురు నా ఒళ్లోకి రావడం లేదండీ. పాత కిటికీకీ ఇలాగే మెడ సాచేదాన్ని" అంది. నేను వెళ్లి ఆ పీట మీద కూర్చున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి. నిజమే. ఇన్నేళ్లూ కిటికీలన్నీ నిలబడే కొలిచాను. కూర్చుని పనిచేసే మనిషికి కిటికీ ఎక్కడుండాలో ఎవరినీ అడగలేదు. గీత అడుగున్నరకి దించాను, వెడల్పు రెట్టింపు చేసి కిటికీ బిగించాను. గది కొలతలు అంగుళం పెరగలేదు. అయినా ఆవిడ చుట్టూ చూసి, "ఎంత పెద్దదైపోయింది!" అని గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మొదట హెడ్మాస్టరు గారి కోటు విప్పి కుట్టింది. ఆయన ఎండలో చాలాసేపు తిప్పి తిప్పి చూసి, దండం పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత నా వైపు తిరిగి, "ఆ చొక్కా ఇవ్వండి" అంది.

"ఏ చొక్కా?"

"మూడు నెలలుగా చెయ్యి ముడుచుకుని తిరుగుతున్నారే, అది."

తనకీ తెలుసు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. చొక్కా విప్పి ఇచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని ఆకుపచ్చ పోగులన్నీ లాగేసి, ఒక గంటలో పని ముగించి నా మీదికి విసిరింది.

"వెతుక్కోండి."

కిటికీ దగ్గరికి తెచ్చి రెండు చేతులూ తిప్పి చూశాను. తడిమాను. కుడి మోచెయ్యా, ఎడమ మోచెయ్యా అన్నది కూడా మర్చిపోయాను.