ప్లగ్గు పీకే అలవాటు

ముప్పై ఏళ్లు నాచారంలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో ఇనుము చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేశాను. మోకాళ్లు మొరాయించాక, తయారైన ముక్కల కొలతలు చూసే పనిలో కూర్చోబెట్టారు. నిరుడు కొత్త మేనేజరు వచ్చి, కొలతల రిపోర్టులన్నీ ఇక కంప్యూటర్‌లోనే కొట్టాలన్నాడు. నెలలోగా నేర్చుకోనివాళ్లు ఇంటికి పోవచ్చన్నాడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఉప్పల్‌లో మా ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అసలే నాకు కోపమెక్కువ. లేత్ మీద ఏదైనా తేడా వస్తే ముందు కరెంటు ఆపాలి. అది ఒంట్లో ఇంకిపోయిన పద్ధతి. అందుకని కంప్యూటర్‌లో ఒక్క అంకె తప్పు పడినా ప్లగ్గు పీకేసేవాణ్ణి. అది మళ్లీ లేచి కూర్చునేసరికి టీ వేళయ్యేది. మళ్లీ మొదటి నుంచి మొదలు. మూడు వారాలు ఇదే తంతు.

ఒకరోజు డ్రాయింగ్ సెక్షన్ మేడం చూసింది. నాకంటే ఏడాదే చిన్న.

"ఏందన్నా, మాటిమాటికి ప్లగ్గు పీకుతున్నవ్?" అంది.

"తప్పు పడ్డది. ఇగ ఖరాబైనట్టే గదా," అన్నాను చిరాగ్గా.

ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నా చేతనే సగం రిపోర్టు చెరిపించింది. నా చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. తర్వాత రెండు బటన్లు చూపించి కలిపి నొక్కమంది. పోయినదంతా తిరిగొచ్చింది.

"ఇది ఇనుము కాదన్నా. ఎక్కువ కోసినా మళ్ల అతుకుతది. ఫికర్ జెయ్యకు."

ఇనుము వెంట్రుకంత ఎక్కువ తీసినా ఆ ముక్క తుక్కులోకే. బతుకంతా ఆ భయంతో పనిచేసినవాడికి ఆ మాట ఎంత ఊరటో చెప్పలేను. ఆ వారమంతా ఆవిడ మధ్యాహ్నం గబగబా తినేసి వచ్చి నా పక్కన కూర్చుంది. నెలాఖరున మేనేజరు ఎదుటే రిపోర్టు కొట్టాను. మధ్యలో ఒక వరుస మాయమైతే ఆ రెండు బటన్లూ నొక్కాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం బస్టాపులో ఆవిడకు దండం పెట్టాను. "నీకెవరు నేర్పిన్రు చెల్లె?" అని అడిగాను.

"ఎవ్వలు నేర్పలే. యాభై ఏండ్లకు నా ముంగట కంప్యూటర్ పెట్టిన్రు. అడిగితే అందరు నవ్విన్రు. బాత్రూంల ఏడ్సి, మొకం కడుక్కొని వచ్చి కూసునేదాన్ని. నిన్ను సూస్తే అదే యాదికొచ్చింది."

ఉప్పల్ బస్సు వచ్చినా నేను ఎక్కలేదు. ఆవిడ బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను.