ఫర్నేస్ దగ్గర చెప్పిన అబద్ధం

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో తేజేశ్వర్ వాళ్ల టౌన్‌హోమ్‌ల వరసలో ఎవరింట్లో కుళాయి కారినా, గరాజ్ తలుపు మొరాయించినా ముందు ఫోన్ వెళ్లేది అతనికే. డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ ఉద్యోగం. శనివారాలు మాత్రం టూల్ బాక్స్ పట్టుకుని ఎవరో ఒకరింట్లో ఉండేవాడు. "కంపెనీ వాళ్లని పిలిస్తే దోచేస్తారు. గడప తొక్కినందుకే వంద డాలర్ల పైన తీసుకుంటారు" అని వాట్సాప్ గ్రూప్‌లో రాస్తే, కింద దణ్ణాల బొమ్మలు వరసకట్టేవి. ఆ దణ్ణాలంటే అతనికి ఇష్టం. ఎనిమిదేళ్లుగా వీసా మీద ఉంటూ ఆఫీసులో ప్రతివాళ్లకీ తలూపే మనిషికి, తన మాటకి నలుగురు తలూపే చోటు అదొక్కటే.

రాధారాణి గారిల్లు అతని ఇంటికి రెండిళ్ల అవతల. ఒంగోలు వైపు మనిషి. భర్త పోయాక కూతురు అదితి సియాటిల్ వచ్చేయమన్నా వెళ్లలేదు. దగ్గర్లోని స్కూల్లో చిన్నపిల్లల క్లాసులో టీచర్‌కి సాయంగా పనిచేస్తూ, తన ఇల్లు తను నడుపుకుంటోంది.

జనవరిలో ఒక శనివారం పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ వెలుగుతోందట, నాలుగు క్షణాలకే ఆరిపోతోందట, ఇల్లంతా చల్లబడిపోయిందట. కంపెనీకి చేయనా అని అడిగింది. వద్దు ఆంటీ, నేనొస్తున్నా అన్నాడు.

బేస్‌మెంట్‌లో ఫర్నేస్ మూత తీయగానే సంగతి అర్థమైంది. మంట వెలిగిందో లేదో కనిపెట్టే సన్నటి కడ్డీకి మసి పట్టింది. అది మురికైతే మిషన్ మంట లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. వీడియోల్లో ఎన్నోసార్లు చూశాడు. కడ్డీ ఊడదీసి, స్టీల్ పీచుతో మెల్లగా రుద్ది, మళ్లీ బిగించి, మూత పెట్టి చూశాడు. మంట వెలిగింది. నిలబడింది.

అంతటితో పైకొచ్చేస్తే సరిపోయేది. కానీ పని మరీ తొందరగా అయిపోయింది. ఇంత చిన్నదానికేనా పిలిచాను అని ఆవిడ అనుకుంటుందేమో అనిపించింది. ఎలాగూ వచ్చాం కదా, మిషన్‌ని నడిపే కరెంటు బోర్డు కూడా చెక్ చేసి చెబితే బావుంటుందనుకున్నాడు. మూత తీస్తే కరెంటు ఆగిపోవడానికి లోపల ఒక బటన్ ఉంటుంది. మళ్లీ మూత తీసి, దాన్ని టేపుతో నొక్కిపెట్టి, కరెంటు కొలిచే మల్టీమీటర్ తీశాడు. పక్కనే గోడకున్న స్విచ్ ఆపలేదు. చెయ్యి తగిలి ఒక వైరు ఊడి, బోర్డు మీద పడింది. చిటుక్కుమంది. నిప్పురవ్వ లేచింది. కాలిన వాసన వచ్చింది. మిషన్ ఆగిపోయింది.

"ఏమైంది తేజా?" అని మెట్ల మీంచి ఆవిడ గొంతు.

ఆ క్షణాన నిజం నాలుక చివరిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం వేరే.

"పాతదైపోయింది ఆంటీ. బోర్డు ఎప్పటినుంచో పోయేలా ఉంది. ఇవాళ పోయింది."

ఆవిడ, నీకు శ్రమ ఇచ్చానని మాత్రం అంది.

మధ్యాహ్నం కంపెనీ మనిషి వచ్చాడు. బోర్డు మారిస్తే ఇంత అని ఒక అంకె చెప్పి, వెంటనే, ఇరవయ్యేళ్ల మిషన్‌కి ఆ ఖర్చు దండగన్నాడు. కొత్తది పెట్టించుకుంటే ఎనిమిది వేల డాలర్లు, సోమవారం లోపు సరేనంటే కొంత తగ్గిస్తానన్నాడు. ఆవిడ తేజేశ్వర్ వైపు చూసింది. అతను గోడనున్న గ్యాస్ పైపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ చలిలో ఆవిణ్ణి వదిలేయలేక అతని భార్య హాసిని తమ ఇంటికి తీసుకొచ్చింది. రెండు పూటలూ ముగ్గురూ కలిసే తిన్నారు. పొరుగువాళ్లంటే ఇలా ఉండాలని ఆవిడ హాసినితో అంటుంటే, తేజేశ్వర్ మంచినీళ్ల నెపంతో లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఎవరైనా ఇలా అడిగితే గ్రూప్‌లో అతను ఏం రాసేవాడో అతనికే తెలుసు: ఏ పార్టు పోయిందో, ఎందుకు పోయిందో అడగండి, ఆ రోజే సంతకం పెట్టకండి, ఇంకో కంపెనీని పిలిచి చూపించండి. ఆ నాలుగు మాటలూ ఆవిడతో అనడానికి నోరు రాలేదు. ఇంకొకడు వచ్చి చూస్తే బోర్డు ఎలా పోయిందో బయటపడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఆవిడే ఆ మాట ఎత్తింది. రేపు పొద్దున్నే సంతకం పెట్టేస్తానంది. అదితిని అడిగితే డబ్బు పంపిస్తానంటుంది గానీ, అడగబుద్ధి కావడం లేదట. ఆయన పోయాక దాచుకున్నదాంట్లోంచే తీస్తుందట.

"నువ్వే అన్నావుగా, ఎప్పటినుంచో పోయేలా ఉందని. ఇంక దానికి ఖర్చు పెట్టి ఏం లాభం?"

తేజేశ్వర్ కప్పు పక్కన పెట్టాడు. హాసిని అక్కడే ఉంది, ఆమె లోపలికి వెళ్లాక చెబుదామా అని కూడా అనిపించింది.

"ముందు బాగైంది ఆంటీ. కడ్డీ తుడిస్తే వెలిగింది. తర్వాత బోర్డు నేనే కాల్చేశాను. స్విచ్ ఆపలేదు. మీతో అబద్ధం చెప్పాను."

హాసిని అతని మొహం వైపు చూసి తల దించుకుంది. రాధారాణి గారు కోప్పడుతుందని అతను ఎదురుచూశాడు. కోప్పడితే బావుండేది.

"మెట్ల మీదే ఉన్నాను బాబూ" అంది చివరికి. "రవ్వ లేవడం చూశాను. కానీ నువ్వు పాతదైపోయిందన్నాక, నేనే సరిగ్గా చూళ్లేదేమో అనుకున్నా. రాత్రంతా అదే అనుకున్నా, వయసైపోతోంది, కళ్లు కూడా మోసం చేస్తున్నాయని."

ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది. పోయింది బోర్డు ఒక్కటే అనుకున్నాడు అప్పటిదాకా.

సోమవారం ఇంకో కంపెనీని అతనే పిలిచాడు, ఆఫీసుకి సెలవు పెట్టి. వచ్చినతనికి జరిగింది జరిగినట్టు ఆవిడ ఎదురుగానే చెప్పాడు. అతను నవ్వలేదు, తిట్టలేదు. బోర్డు మార్చి, లోపలంతా పరీక్ష చేసి, మంట గది పగలకుండా బాగానే ఉంది కాబట్టి ఇంకొన్ని చలికాలాలు నడుస్తుందన్నాడు. కొత్త మిషన్ ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. బిల్లు తేజేశ్వర్ కట్టాడు. వద్దులే బాబూ అంటుందని లోలోపల ఆశపడ్డాడు. ఆవిడ అనలేదు. అనకపోవడం న్యాయమేనని తెలిసినా, మనసు చివుక్కుమంది.

తర్వాత వారాల్లో హాసిని చెప్పిన మాట అతన్ని ఇంకా కుంగదీసింది. ఫర్నేస్ సంగతి ఎవరు అడిగినా ఆవిడ, బోర్డు పోయింది, మార్పించాను అని ఊరుకుంటోందట. అతని పేరు ఎక్కడా రానివ్వలేదట.

ఫిబ్రవరిలో గుడి భోజనాల దగ్గర రెండో కంపెనీని అతనే పిలిచాడని ఎవరి ద్వారానో విన్న గోపాల్ అనే స్నేహితుడు పదిమంది ముందు అతని భుజం తట్టాడు. ఆంటీ ఫర్నేస్ బాగుచేయించి ఎనిమిది వేలు మిగిల్చావట, నీలాంటివాడు ఉండాలి అన్నాడు. రాధారాణి గారు రెండు కుర్చీల అవతల పులిహోర తింటోంది. తలెత్తలేదు.

"చెడగొట్టింది నేనే" అన్నాడు తేజేశ్వర్. "చెడగొట్టి, పాతదైపోయిందని ఆవిడతో అబద్ధం చెప్పాను."

గోపాల్ చెయ్యి భుజం మీంచి జారింది. ఎవరో నీళ్ల సీసా అందుకున్నారు. ఇంకెవరో పిల్లల స్కూలు మాట ఎత్తారు. తేజేశ్వర్ విస్తట్లోకి చూస్తూ, ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు. కాసేపటికి రాధారాణి గారు తన ముందున్న పచ్చడి గిన్నె అతని వైపు జరిపింది. మొహం మాత్రం చూడలేదు. అతనూ చూడలేకపోయాడు.