చేతులు ఆగిన పేజీ

బోధన్ రాకాసిపేటలో సాయవ్వ ఇల్లెక్కడ అని అడిగితే ఏ సాయవ్వ అంటారు. చదివే సాయవ్వ అని అడగండి, చిన్నపిల్లలు కూడా వేలు పట్టుకొని గడప దాకా తీసుకుపోతారు. అరవై దాటిన మనిషి. ముక్కు మీద కోపం, ఆ కోపం మీద కళ్ళజోడు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆమె వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చుంటారు. సాయవ్వ చుట్టదు, చదువుతుంది. రెంజల్ బడిలో ఐదో తరగతితో ఆగిపోయిన చదువే ఆమెకు ముప్పై ఏళ్ళుగా పనికొస్తోంది. ఆమె చదువుతున్నంతసేపూ తక్కినవాళ్ళు తలా పిడికెడు బీడీలు ఆమె చాటలో వేస్తారు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు గాని, ఇంతవరకు ఎవరూ గొణగలేదు.

వారపత్రికల సీరియళ్ళు, అద్దెకు తెచ్చిన నవలలు, ఏవీ లేనినాడు సరుకులు చుట్టి ఇచ్చిన కాగితాలు, అన్నీ చదివింది. ఏది మంచి రాత, ఏది కాదు అని తేల్చడానికి ఆమెకు ఒకటే కొలత, చేతులు. బీడీ చుట్టే చేతులు ఊరికే ఆగవు. మాట్లాడుకుంటున్నా, తిట్టుకుంటున్నా, కునికిపాట్లు పడుతున్నా ఆకు చుట్టుకుంటూనే ఉంటుంది. ఏ వాక్యం దగ్గర ఆ చేతులు ఆగితే అదీ రాత. ఊరంతా ఎగబడి చదివిన సీరియల్ ఒకటి రెండేళ్ళు నడిచింది, ఒక్కనాడైనా చేతులు ఆగలేదు. ఎవరో పేరు తెలియని ఆవిడ రాసిన రెండు పేజీల కథకు మాత్రం పక్కింటి ఈరవ్వ కత్తెర పట్టుకొని అట్లాగే ఉండిపోయింది, చాటలో తంబాకు గాలికి పోతున్నా చూసుకోలేదు.

సాయవ్వకు ఇంకో గుణం ఉంది. అది దోషమని ఆమె ఒప్పుకోదు. చదివేది చప్పగా ఉంటే ఊరుకోలేదు. నాలుగు మాటలు మింగేస్తుంది, రెండు మాటలు కలుపుతుంది, ఏమీ జరగని పేజీలు వస్తే రెండేసి తిప్పేస్తుంది. వినేవాళ్ళకు తెలియదు, రాసినవాడు బోధన్ రాడు, ఇంకేం కావాలి?

మొగుడు లింబయ్య ఉన్న రోజుల్లో ఇంత చదువు సాగేది కాదు. చెరకు బండి తోలుకొచ్చి గడపలో కాలు పెట్టగానే “ఉన్నవా?” అని ఒక్క కేక వేసేవాడు. లేకపోతే ఎక్కడికి పోతుంది? “లేను” అని ఈమె జవాబు. అందరూ నవ్వేవాళ్ళు, చదువు అక్కడికి ఆగిపోయేది. ఆయన పోయి ఐదేళ్ళయింది.

ఈసారి దసరా సెలవులకు నిజామాబాద్ నుంచి కూతురు లత వచ్చింది, వెంట మనవరాలు హర్షిణి. ఆరో తరగతి పిల్ల. బస్సు దిగీ దిగగానే సంచిలోంచి ఏడు లావాటి పుస్తకాలు తీసి అవ్వ ముందు పేర్చింది. ‘తొమ్మిది తాళాల దీవి’, ఏడు భాగాలు. అట్ట మీద రెక్కల గుర్రం, దాని వెనక నోరు తెరిచిన రాక్షసుడు.

“అవ్వ, గిది అందరికి చదివి వినిపియ్. ప్రపంచంల ఇంతకన్న మంచి పుస్తకం లేదు.”

“ప్రపంచమంత ఎప్పుడు తిరిగొచ్చినవే?”

“మా బడిల అందరు చదివిండ్రు. లక్షల కాపీలు పోయినయంట. వెనక అట్ట మీద రాసుంది, చూడు.”

“లక్షల మంది బీడి తాగుతరు బిడ్డా. మరి బీడి మంచిదా?”

ఎదురుగా కూర్చున్న భీమవ్వ నవ్వు ఆపుకోలేక దగ్గింది. హర్షిణి తగ్గే రకం కాదు.

“మంచిది కాకపోతె మరి మీరెందుకు చేస్తున్నరు?”

 సాయవ్వ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.  “సదువుత తియ్. ఆడ పెట్టు,” అంది.

మర్నాడు లత పిల్లను తీసుకొని ధర్పల్లిలో అత్తగారింటికి పండక్కి వెళ్ళింది. పోతూ పోతూ హర్షిణి గడప దగ్గర ఆగి వేలు చూపించింది. “నేనొచ్చే వరకు మొదటి భాగం అయిపోవాలె. అందరికి నచ్చిందో లేదో చెప్పాలె.”

సాయవ్వ పుస్తకం తెరిచింది. మూడో పేజీకే కోపం వచ్చింది. పేజీకి నాలుగు భయంకరాలు. రాక్షసుడు భయంకరం, వాడి గుహ భయంకరం, ఆఖరికి వాడి చెప్పులు కూడా భయంకరం. అందులో ఎవరూ ఊరికే మాట్లాడరు, ఆవేశంగా అంటారు, ఆశ్చర్యంగా అంటారు. “రాకాసిపేటోళ్ళకు రాకాసిని సూపెట్టుడు గిట్లనా?” అని తనలో తనే అనుకొని, భయంకరాలన్నీ తీసి పక్కన పెట్టింది. కాపలా రాక్షసుడికి కార్ఖానాలో బీడీలు ఏరే జమాదారు గొంతు తగిలించింది. “గిది లావున్నది, గిది సన్నమున్నది, గీనికి మూతి సక్కగ లేదు,” అంటూ వాడు వీరులను ఒక్కొక్కరినే పట్టి చూసి అవతల పారేస్తుంటే, ఆడవాళ్ళు కడుపు పట్టుకొని నవ్వారు. మూడో రోజుకు పక్క గల్లీ వాళ్ళు కూడా చాటలు పట్టుకొచ్చారు. బడి సెలవు పిల్లలంతా గోడెక్కి కూర్చున్నారు.

పదకొండో అధ్యాయంలో కథ నడిపే పిల్లవాడు ఒక తలుపు ముందు కూర్చుంటాడు. రెండు పేజీలు అట్లాగే కూర్చునే ఉంటాడు. సాయవ్వ పైనుంచి కింది దాకా ఒకసారి కన్ను వేసి, రాక్షసుడు ఎక్కడా కనబడకపోయేసరికి తిప్పేసింది.

వారం తిరిగి హర్షిణి వచ్చేసరికి వాకిలి నిండుగా ఉంది. ఈరవ్వ పిల్లను దగ్గరికి లాక్కొని, “మస్తున్నది బిడ్డా నీ పుస్తకం! ఆ జమాదారు రాక్షసుడున్నడు సూడు, ‘మూతి సక్కగ లేదు’ అంటడు, నవ్వి నవ్వి సచ్చినం,” అంది.

హర్షిణి మొహంలో నవ్వు సగంలో ఆగింది. “గట్ల అనడు. పుస్తకంల జమాదారే లేడు.” అవ్వ వైపు తిరిగింది. “నువ్వు కల్పించినవా?”

“సప్పగున్న కూరల జర ఉప్పేసిన. తప్పా?”

“గది నీ కూర కాదు కదా!”

“అట్ల కాదు బిడ్డా, ఆ రాత…”

“వీళ్ళకు నచ్చింది నా పుస్తకం కాదు, నువ్వు. పదకొండో అధ్యాయం చదివినవా?”

“దాంట్ల ఏం కాలె. పోరడు కూసున్నడు.”

“తిప్పేసినవా?” పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “మా క్లాసుల అందరికి రాక్షసుడు ఇష్టం. నాకు గా పేజీ ఒక్కటే ఇష్టం, అవ్వా.”

ఆ పూట హర్షిణి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. సాయవ్వ కూడా పళ్ళెం పక్కకు జరిపింది. ముప్పై ఏళ్ళలో ఆమె చదువును తప్పుపట్టినవాళ్ళు లేరు, పట్టింది చివరికి సొంత మనవరాలు. రేపు మధ్యాహ్నం బస్సుకు పిల్ల వెళ్ళిపోతుంది. ఇట్లా మొహం మాడ్చుకొని పోతే మళ్ళీ ఏ సెలవుకు వచ్చి, ఏ పుస్తకం తెచ్చి ఇస్తుంది? తన వల్ల కాని మాట ఆమె కష్టం మీద నోట్లోంచి తీసింది. “తప్పయింది బిడ్డా. రేపు నువ్వే సదువు.”

“ఒక్క మాట మార్చను,” అంది హర్షిణి గోడ వైపు తిరిగి పడుకొనే. “ఉన్నది ఉన్నట్టు చదువుత. నీ కొలతే అవ్వా, వాళ్ళ చేతులు ఆగకపోతె పుస్తకం మంచిది కాదని ఒప్పుకుంట. ఆగితె నువ్వు ఒప్పుకోవాలె.”

పొద్దున హర్షిణి అవ్వ పీట మీద కూర్చుంది. అవ్వ ఎన్నో ఏళ్ళ తర్వాత చాట ఒళ్ళో పెట్టుకొని ఆడవాళ్ళ మధ్యలో కూర్చుంది. వేళ్ళు పని మరిచిపోలేదు. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఆకు అందుకుంటూనే ఉన్నాయి.

పిల్ల పదో అధ్యాయం నుంచి మొదలుపెట్టింది. భయంకరమైన రాక్షసుడు వచ్చాడు, భయంకరంగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. గోడ మీది పిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. భీమవ్వ ఆవలించి, “జమాదారు ఎప్పుడొస్తడు?” అని అడిగింది. ఈరవ్వ పక్కామెతో పసుపు చేను కలుపు ముచ్చట పెట్టింది. చేతులు టకటకా నడుస్తూనే ఉన్నాయి. హర్షిణి గొంతు సన్నబడుతూ వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి.

తను గెలుస్తున్నట్టే సాయవ్వకు కనబడుతోంది. కాని ఆ గెలుపు ఆమెకు నచ్చలేదు. పిల్ల అట్లా వాడిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. నాలుక చివర జమాదారు మాట సిద్ధంగా ఉంది, ఒక్కసారి అందిస్తే చాలు, వాకిలంతా నవ్వుతుంది. పెదవులు బిగించుకొని కూర్చుంది.

హర్షిణి పేజీ తిప్పింది. పదకొండో అధ్యాయం.

“తాళం అడిగింది, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది? పిల్లవాడు చెప్పాడు. మాట సరిగ్గానే చెప్పాడు. తలుపు తెరుచుకోలేదు. ఆమె గొంతుతో చెప్పు, అంది తాళం. పిల్లవాడు నోరు తెరిచాడు. గొంతు గుర్తుకు రాలేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చోవడం గుర్తుంది. కొంగుకు కట్టిన ముడి గుర్తుంది. కోపం వస్తే ఎటు తిరిగేదో గుర్తుంది. గొంతు ఒక్కటే ఎక్కడో పడిపోయింది. వాడు ఆ తలుపు ముందే కూర్చున్నాడు. అన్నం తిన్నావా, అని తనను తానే అడిగి చూశాడు. ఇంకో గొంతు పెట్టి మళ్ళీ అడిగాడు. కాదు. ఇంకో గొంతు పెట్టి మళ్ళీ అడిగాడు.”

పసుపు ముచ్చట ఎప్పుడు ఆగిందో తెలియలేదు. సాయవ్వ అలవాటు కొద్దీ చుట్టూ చేతులే చూసింది. భీమవ్వ చేతులు నడుస్తున్నాయి గాని నెమ్మదిగా. ఈరవ్వ వేళ్ళలో దారం సగం చుట్టు దగ్గర ఆగి ఉంది. ఆ చివరన కూర్చున్నామెవి ఆగలేదు. అయితే గెలిచినట్టా, ఓడినట్టా అని లెక్క చూస్తుంటే, చదువు ఆగిపోయింది. తలెత్తితే, హర్షిణి ఇంకెవరి చేతులూ చూడటం లేదు. అవ్వ చేతులే చూస్తోంది.

“అవ్వా, నీ చేతులు.”

సాయవ్వ కిందికి చూసుకుంది. చుట్టిన ఆకు విచ్చుకుపోయి ఉంది. తంబాకు చీర మీద ఒలికి ఉంది. ఎప్పుడు ఒలికిందో తెలియదు.

తంబాకు మళ్ళీ చాటలోకి దులుపుకుంది. తర్వాత, “గీ పేజి రాసింది గాయనేనా?” అని అడిగింది.

“గాయనే.”

“గిట్ల రాయొచ్చినోడు తక్కినదంత గట్లెందుకు రాసిండే?”

“తెల్వది అవ్వ.”

“లక్షల మంది గీ పేజి సదివి కొన్నరా?”

“కాదేమొ. మా క్లాసుల ఎవ్వరు గీ పేజి మాటే ఎత్తరు.” పిల్ల మెల్లగా అడిగింది. “తాత నిన్ను ఏమని పిలిచేటోడు?”

“పేరు పెట్టేటోడే కాదు. గడపల కాలు పెట్టంగనే, ఉన్నవా, అనేటోడు.” సాయవ్వ ఆ మాటను మళ్ళీ ఒకసారి అంది. గొంతు లావు చేసి ఇంకోసారి అంది. కాదు. తల అడ్డంగా ఊపింది. “మాట యాదికున్నది బిడ్డా. గొంతే యాదికొస్తలేదు.”

ఐదేళ్ళలో ఈ సంగతి ఆమెకు ఒక్కరోజు కూడా తోచలేదు. అందరి ముందూ ఏడ్చింది, దాచుకోలేదు. ఈరవ్వ చాట పక్కన పెట్టి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. హర్షిణి భయపడి పుస్తకం మూసేయబోయింది.

సాయవ్వ ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ముయ్యకు. మల్ల మొదటికెల్లి సదువు. ఒక్క మాట మార్చకు.”